రంపం కోసిన చోటు

సముద్రం అడుగున దొరికే మట్టిని కడగడం నా ఉద్యోగం. ఎవరైనా అడిగితే అలాగే చెబుతాను. దానికి పెద్ద పేరొకటి ఉంది గాని, అది నా గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా వాడను.

ఓడ మీద వెళ్ళినవాళ్ళు నీటి అడుగుకి పొడవాటి గొట్టం దింపి, మట్టిని చెదరకుండా పైకి తెస్తారు. డెక్కు మీదే ఆ గొట్టాన్ని రంపంతో ముక్కలు కోస్తారు. ముక్క పై కొసకి నీలం మూత, కింది కొసకి తెల్ల మూత బిగించి, పక్కన నంబరు రాస్తారు. ఆ ముక్కలన్నీ మా ఆఫీసు చలిగదిలో అరల మీద పడుకుని ఉంటాయి. అందులో జానెడు మట్టి పేరుకోవడానికి వెయ్యేళ్ళు పట్టిందట. కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. అక్కడక్కడ చెంచాడు తీసి జల్లెడలో కడిగితే, బురద పోయి ఇసుక రేణువులంత గుల్లలు మిగులుతాయి. ఒకప్పుడు నీళ్ళ మీద తేలుతూ బతికిన జీవాల గుల్లలు. తడి బ్రష్షు కొసతో ఒక్కొక్కదాన్ని ఎత్తి, నల్ల పళ్ళెం గళ్ళలో పెట్టి, మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలి. నమూనాకి మూడు వందలు.

మేము ముఖ్యంగా చూసేది సుడి. గుల్ల ఎడమకి చుట్టుకుని ఉంటే ఆ నాటి నీళ్ళు చల్లన, కుడికి చుట్టుకుంటే వెచ్చన. ఎందుకలా అని కొత్తలో అడిగాను. "అదంతే" అన్నారు. దేవుడి గురించి అడిగినా చాలామంది అదే చెబుతారు కాబట్టి నాకేమీ వింతగా అనిపించలేదు.

రోజూ పొద్దున్నే దీపం పెట్టి, "చెయ్యి వణకనివ్వకు స్వామీ" అని మొక్కుకుని బయల్దేరేదాన్ని. అంతకు మించి అడిగిన గుర్తు లేదు, ఆ వానాకాలం వచ్చేదాకా.

మొదటి వాన పడిన రోజు సాయంత్రం మా ఆయన తడిసిన చెప్పులు గుమ్మంలో విడుస్తూ, "కొత్త ఓడ వెళుతోందట" అన్నారు.

పాత ఓడ మూలపడి పదకొండేళ్ళు. అంతకు ముందు పదిహేనేళ్ళు ఆయన డెక్కు మీద గొట్టాలు కోసిన మనిషి. ఆ తర్వాత ఒడ్డునే ఉండిపోయి, చలిగదిలో ఒక అర మీంచి ఇంకో అర మీదకి గొట్టాలు మోస్తున్నారు. మాట్లాడితే ఆయన నోట ఓడ తప్ప వేరేది వచ్చేది కాదు. కూర్చున్నా కాళ్ళు ఎడంగా పెట్టి, నేల కదులుతుందేమో అన్నట్టు కూర్చుంటారు.

"వానలు తగ్గగానే బయల్దేరుతుంది. డెక్కు మేస్త్రీగా నేనో, పాత ఓడలో నాతో ఉన్న పొడుగాయనో. సంతకం పెద్ద డాక్టరుగారిది. నాకే ఇస్తానన్నారు."

"మంచిదండీ" అన్నాను.

ముందుగదిలో కిటికీ పక్కన అత్తయ్య కుట్టుమిషను ఆగింది. మా అత్తయ్య వీధి వీధంతటికీ బట్టలు కుట్టేది. డెబ్బై ఏళ్ళొచ్చినా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేది. నాలుక కూడా ఆ సూదిలాంటిదే.

"వెళ్ళనీ" అంది, కొడుకు వైపు చూడకుండా. "ఈసారి నేను పోతే కబురు కూడా పంపకండి. పాపం, పని చెడుతుంది."

ఆయన తడిసిన చెప్పుల్ని గోడకి ఆనించారు. ఆ మాటకి ఎప్పుడూ పలకరు. మామయ్య పోయినప్పుడు ఆయన ఓడ మీద ఉన్నారు. ఒడ్డు తొమ్మిది రోజుల దూరం. వైర్‌లెస్ గదికి పొద్దున ఎనిమిదింటికి పిలిచి చెప్పారట. విని, "సరే" అని, తిరిగి డెక్కు మీదకి వెళ్ళి రంపం పట్టుకున్నారట. సాయంత్రం దాకా మామూలుగా పని చేశారట. ఈ సంగతి అదే ఓడలో వంటవాడి భార్య ఇంటికొచ్చి మరీ అత్తయ్యకి చెప్పింది, మెచ్చుకుంటున్నాననుకుని. "మీ అబ్బాయి గుండె రాయండీ" అంది. అప్పటి నుంచి ఏటా ఆ తేదీన అత్తయ్య అన్నం ముట్టదు, కొడుకుతో మాట్లాడదు. మిగతా రోజుల్లో అన్నం ముడుతుంది. మాటలు మాత్రం ఇలాంటివే.

ఆ వారంలోనే మా ఆఫీసుకి కొత్త మేడం వచ్చింది. వయసు ముప్పై దాటి ఉండదు. నవ్వడం అనవసరపు ఖర్చు అనుకునే మనిషి. పెద్ద డాక్టరుగారి పుస్తకాన్ని సరిచూడమని పైవాళ్ళే పంపారు.

పెద్ద డాక్టరుగారంటే మందులిచ్చే డాక్టరు కాదు, మట్టి చదివి డాక్టరైన మనిషి. అత్తయ్యకి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కక, మోకాలి నొప్పికి ఏదైనా రాయించుకు రమ్మని నా ప్రాణం తీసేది. ఆయన పేరు వచ్చింది మా పదకొండో గొట్టం మీద. ఆ మట్టిని చూసి, పూర్వం సముద్రం ఒక్క మనిషి బతికినంత కాలంలోనే గెంతినట్టు వెచ్చబడి, తర్వాత మళ్ళీ చల్లబడి, మళ్ళీ గెంతిందని రాశారు. రెండు గెంతులు. ఎక్కడెక్కడివాళ్ళో ఆ గెంతుల గురించి మాట్లాడేవారు. ఆ గొట్టం కోసింది తనేనని మా ఆయన కొత్తవాళ్ళందరికీ చెప్పుకునేవారు.

మేడం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"గుల్లలు ఏరేది మీరేనా? పదకొండో గొట్టం కోసింది మీ ఆయనటగా."

"అవునండీ."

"బావుంది. ఆయన కోస్తారు, మీరు లెక్కపెడతారు, డాక్టరుగారు పుస్తకం రాస్తారు. ఇంటి వ్యవహారంలా ఉంది."

నా చెవులు వేడెక్కాయి. "నేను ఎవరి తరఫూ కాదండీ" అన్నాను.

"చూద్దాం. అప్పట్లో ముక్కకి మూడే నమూనాలు తీశారు. ఇప్పుడు బెత్తెడుకొకటి కావాలి. నాలుగో ముక్క మొత్తం, మూడో ముక్క చివర, ఐదో ముక్క మొదలు. ప్రతి పళ్ళెం నేను మళ్ళీ చూస్తాను. తప్పు దొరికితే మళ్ళీ మొదటి నుంచి కడగాలి."

బయట వాన. లోపల కుళాయి కింద జల్లెడ. మూడు వారాలు తల ఎత్తలేదు. మేడం రోజూ సాయంత్రం వచ్చి, నా పళ్ళేల్లో ఏదో ఒకటి తీసి, నా కుర్చీలోనే కూర్చుని లెక్కపెట్టేది. నేను నిలబడి ఉండేదాన్ని. తప్పు దొరకలేదని కూడా చెప్పేది కాదు. లేచి వెళ్ళిపోయేది.

ఇంట్లో ఆయన అప్పుడే ఓడ ఎక్కేసినట్టున్నారు. పాత బూట్లకి నూనె రాసుకోవడం, తాళ్ళ ముడులు వేసి విప్పుకోవడం. ఒక పొద్దున నేను, "అన్ని నెలలు అత్తయ్యని నేనొక్కదాన్నీ ఎలా చూసుకోను" అన్నానో లేదో, "మట్టి కడిగేదానికి ఓడ సంగతి ఏం తెలుసు" అన్నారు. దీపం వత్తి సరిచేస్తున్నదాన్ని, వెనక్కి తిరగలేదు. ఆ మాట మాత్రం వెంట తీసుకుని ఆఫీసుకి వెళ్ళాను.

సరిగ్గా ఆ రోజే ఆఖరి నమూనా పూర్తయింది. అంకెలన్నీ ఒకచోట రాసుకున్నాను. మూడో ముక్క చివర నూటికి ఇరవై ఒకటి ఎడమ సుడి. నాలుగో ముక్క పై కొసన డెబ్బై ఎనిమిది. అది డాక్టరుగారి గెంతుల్లో ఒకటి. అక్కడి నుంచి కిందికి వెళితే డెబ్బై నాలుగు, డెబ్బై, అరవై ఏడు, అలా మెట్లు దిగినట్టు దిగి దిగి ఆఖర్న ఇరవై నాలుగు. ఐదో ముక్క మొదట ఎనభై. అది రెండో గెంతు.

నాలుగో ముక్క లోపల ఎక్కడా గెంతు లేదు. గెంతులు రెండూ ముక్కకీ ముక్కకీ మధ్యనే ఉన్నాయి. సరిగ్గా రంపం కోసిన చోట.

కొన్ని వేల ఏళ్ళ కిందటి సముద్రానికి మా ఆయన రంపం ఎక్కడ పెట్టబోతున్నారో ముందే తెలుసా?

అత్తయ్య పువ్వుల గుడ్డ కుట్టేటప్పుడు ఒక ముక్క తిరగబడితే కుట్టు దగ్గర పువ్వుల కాడలు తెగిపోయినట్టు కనబడతాయి. నేను మూడు చీటీలు తీసుకుని ఒక్కో ముక్క అంకెలు ఒక్కో చీటీ మీద రాసి, బల్ల మీద వరసగా పెట్టాను. మధ్య చీటీని తలకిందులు చేశాను. ఇరవై ఒకటి, ఇరవై నాలుగు, అలా ఎక్కుతూ ఎక్కుతూ డెబ్బై ఎనిమిది, ఎనభై. గెంతు లేదు. సముద్రం వేల ఏళ్ళు తీరిగ్గా, ఒకే దారిలో మారింది. అంతే.

నాకు సంతోషం కలగలేదు. ముందు అనుమానం కలిగింది, నా మీదే. పొద్దున ఆయన అన్న మాట నా బ్రష్షు కొసన కూర్చుని ఉందా? కోపంతో చూసిన కళ్ళకి కుడిసుడి ఎడమసుడిగా కనబడదా? ఐదు పళ్ళేలు మళ్ళీ తీసి, దేవుణ్ణి తలుచుకుని, మళ్ళీ లెక్కపెట్టాను. అంకె మారలేదు.

మేడంకి చెప్పే ముందు ఆయనకి చెప్పాలనిపించింది. అది సరైన పనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

వంటింట్లో చెప్పాను. ఆయన నీళ్ళు తాగుతున్నారు. గ్లాసు పూర్తిగా తాగాకే మాట్లాడారు.

"నేను మూత తిరగేస్తానా? పదిహేనేళ్ళు. కొన్ని వేల ముక్కలు. కళ్ళు మూసుకుని చెప్తాను ఏది పైనో ఏది కిందో."

"నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదండీ. లెక్క అలా ఉంది."

"లెక్క నువ్వే పెట్టావుగా."

"రెండుసార్లు పెట్టాను."

ఆయన గొంతు తగ్గించారు. ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు కూడా తగ్గింది. అత్తయ్య చెవులు కూడా పనిలో దిగాయన్నమాట. "ఇప్పుడే ఇది రావాలా? ఆ గెంతులు పోతే డాక్టరుగారి పుస్తకం పోతుంది. ఆ పుస్తకం పోగొట్టినవాడికి ఆయన ఓడ ఇస్తాడా? నాకు యాభై ఒకటి. ఇంకో ఓడ వచ్చేసరికి నేను కర్ర పట్టుకుని ఎక్కాలి."

"తెలుసండీ."

"తెలిస్తే విను. రెండు కొసల నమూనాల్లో తలా నలభై గుల్లలు అవతలి సుడి లెక్కలో వెయ్యి. గెంతు కాస్త చెదురుతుంది, సరిగ్గా రంపం దగ్గరే ఉన్నట్టు కనబడదు. ఎవరికీ అనుమానం రాదు. మూడొందల్లో నలభై. ఎవరు చూస్తారు?"

"ఏ నలభై?" అన్నాను.

"ఏవైతే ఏంటి?"

"పళ్ళెం తెస్తాను. ఏ నలభై వెయ్యమంటారో వేలు పెట్టి చూపించండి."

ఆయన గ్లాసు బోర్లించి వెళ్ళిపోయారు. నేను ఎదురు చెప్పాలని అన్న మాట కాదు. నాకు నిజంగానే తెలియలేదు, ఆ మూడు వందల్లో దేన్ని అబద్ధం ఆడమని అడగాలో.

మర్నాటి నుంచి ఆయన నాతో ఆఫీసుకి రావడం మానేశారు. అంతకు ముందు ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు నాకన్నా పావుగంట ముందు బయల్దేరేవారు. నేను వండింది తినేవారు గాని వడ్డించనిచ్చేవారు కాదు. ఆయన నాతో మాట్లాడరు, అత్తయ్య ఆయనతో నేరుగా మాట్లాడదు, ఇద్దరికీ నాతోనే పని. "ఉప్పెక్కడుందో అడగమ్మా" అనేవారు తల్లితో. "అడిగేవాడికి నోరు లేదా" అని అత్తయ్య గోడతో అనేది. గోడ, నేను కలిసి ఉప్పు అందించేవాళ్ళం.

నాలుగు రోజుల తర్వాత పెద్ద డాక్టరుగారు నా బల్ల దగ్గర ఆగారు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి.

"ఏమ్మా, చూపు తగ్గుతోందటగా. మీ ఆయన చెప్పాడు. కళ్ళద్దాలు మార్పించుకో."

"చూపు బాగానే ఉందండీ."

"ఈ వయసులో ఎవరికీ బాగుండదు. తొందరపడి కాగితం మీద ఏమీ రాయకు. ఓడ ఆర్డరు వచ్చేవారం వేస్తున్నాను. మీ ఆయన కాగితం పైనే ఉంది." చెయ్యి నా మైక్రోస్కోపు మీద వేసి, పెంపుడు జంతువుని నిమిరినట్టు నిమిరి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి అడిగాను. "డాక్టరుగారికి మీరే చెప్పారా?"

"చెప్పకుండా ఎలా? సంతకం ఆయనది" అన్నారు అత్తయ్య వైపు చూస్తూ.

ఆ రాత్రి పడుకునే ముందు దేవుడి ముందు కూర్చున్నాను. నిజం చెప్పమంటావు, సరే. అది ఎవరి కడుపు మీద కొడుతుందో చూసి చెప్పమన్నావా, చూడకుండా చెప్పమన్నావా? దేవుడి మౌనం నాకు అలవాటే. ఇంట్లో ఇద్దరి దగ్గర నేర్చుకున్నదే.

మర్నాడు లెక్కల కాగితం నింపాను. ఆఖర్న విశేషాలు రాయడానికి ఒక గడి ఉంటుంది. మామూలుగా "ఏమీ లేవు" అని రాస్తాం. అందులో, "నాలుగో ముక్క తిరగబడి ఉందేమో చూడాలి" అని రాసి, సంతకం పెట్టి, మేడం బల్ల మీద పెట్టాను.

మేడం చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదండీ. రాయొద్దన్నారు."

అప్పుడు మొదటిసారి నా ముఖం వైపు చూసింది. చూపులో దయేమీ లేదు. అనుమానం మాత్రం ఒక వైపు నుంచి ఇంకో వైపుకి జరిగింది. ఫోను తీసి, "చలిగదికి రమ్మని డాక్టరుగారికి చెప్పండి. ఆ గొట్టాలు కోసిన ఆయన్ని కూడా" అంది.

చలిగదిలో నలుగురం మందపాటి కోట్లు వేసుకుని నిలబడ్డాం. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి. నాలుగో ముక్కని అర మీంచి దింపి బల్ల మీద పెట్టారు. నిలువునా చీల్చిన గొట్టం, లోపల బూడిదరంగు మట్టి, కొసలకి పాత మూతలు. ఒకటి నీలం, ఒకటి తెలుపు.

"పదకొండేళ్ళుగా ఈ ముక్కని నలభై మంది చూశారు" అన్నారు డాక్టరుగారు. "ఇవాళ గుల్లలేరే ఆవిడకి తల ఎక్కడో కాళ్ళెక్కడో తెలిసిపోయింది."

"లెక్క పక్కన పెట్టండి. ఇది చూడండి." మేడం మట్టి మధ్యలో వేలెడు మందం ఉన్న ఇసుక పొర చూపించింది. "నీళ్ళలో గుప్పెడు ఇసుక వేస్తే బరువు రేణువులు ముందు దిగుతాయి, సన్నవి తర్వాత. ముతక కింద ఉండాలి. ఇక్కడ ముతక పైనుంది."

"ఇసుక పొరకి వంద కారణాలు చెప్పగలను. అవన్నీ ఎందుకు? డెక్కు మీదున్న మనిషే ఎదురుగా ఉన్నాడు." డాక్టరుగారు మా ఆయన వైపు తిరిగారు. "ఏమోయ్, మూతలు సరిగ్గా పెట్టావా లేదా? ఒక్క ముక్క చెప్పు, అందరం బయటికి వెళదాం. చలి చంపేస్తోంది."

మా ఆయన ఏం చెప్పడానికి సిద్ధపడి వచ్చారో నాకు తెలుసు. గదిలోకి వస్తూ నన్ను చూసిన చూపులోనే ఉంది ఆ జవాబు.

ఆయన బల్ల మీదకి వంగారు. గొట్టం పక్కన చీటీ మీద చెమ్మ పేరుకుని ఉంది. కోటు చేత్తో తుడిచారు. ఆయన రాతే. గొట్టం పదకొండు, ముక్క నాలుగు. దాని కింద తేదీ. దాని పక్కన వేళ, ఉదయం తొమ్మిది.

ఆ తేదీ నేను కూడా చదివాను. ఏటా అత్తయ్య అన్నం ముట్టని తేదీ అది.

ఆయన ఆ చీటీని ఇంకోసారి తుడిచారు. తర్వాత చూపుడువేలు ఇసుక పొర మీద ఆనించారు, గట్టిగా కాదు, పసిపిల్ల నుదురు తాకి జ్వరం చూసినట్టు.

"ఇది నేనే తిరగేశాను సార్."

"ఆలోచించి చెప్పు" అన్నారు డాక్టరుగారు. "నీ కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది."

"ఆలోచించే చెబుతున్నాను."

మేడం అడిగింది. "పదకొండేళ్ళ నాటి మూత. అంత కచ్చితంగా ఎలా చెప్పగలరు?"

"ఆ రోజు పొద్దున ఎనిమిది తర్వాత నేనేం చేశానో నాకు గుర్తు లేదు మేడం. గుర్తు లేదన్న సంగతి మాత్రం గుర్తుంది."

మేడం ఏదో రాసుకుంది. డాక్టరుగారు తలుపు తీసుకుని వెళ్ళారు. వెనక ఉన్నవాళ్ళ కోసం తలుపు పట్టుకోలేదు.

తర్వాతి వారం ఆర్డరు వచ్చింది. డెక్కు మేస్త్రీ పొడుగాయన. మా ఆయనకి గొట్టాలు సర్దే పని అలాగే ఉంది. నన్ను మైక్రోస్కోపు దగ్గర నుంచి తీసి, మళ్ళీ జల్లెడ దగ్గర, కుళాయి కింద వేశారు. మేడం నాకు కృతజ్ఞత ఏమీ చెప్పలేదు. "మీ ఆయన చేసిన పనికి ఇప్పుడు మొత్తం గొట్టం మళ్ళీ చూడాలి. ఇంకెన్ని తిరగేశారో" అంది. పదిహేనేళ్ళ ముక్కలన్నీ రెండు వారాల పాటు తీసి చూశారు. ఇంకొక్కటి కూడా దొరకలేదు. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పబోతే, "నీకు తృప్తేగా" అన్నారు. ఆ వారం నాతో ఆయన అన్నది అదొక్కటే.

తృప్తా? అడిగి చూసుకున్నాను. లేదు. తప్పు చేశానా అంటే అదీ లేదు. ఈ రెండూ లేని చోట మనిషి ఎలా నిలబడాలో ఏ ప్రార్థనలోనూ చెప్పలేదు.

ఓడ బయల్దేరే రోజు వాన తెరిపిచ్చింది. ఆయన పొద్దున్నే రేవుకి వెళ్ళారు, ఖాళీ గొట్టాలు ఎక్కించడానికి. ఎక్కించమన్న పని సగం పూటలో అయిపోయిందట. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే, చెరగని సిరాతో ప్రతి గొట్టం మీదా పైనుంచి కిందికి పొడుగునా బాణం గుర్తులు గీస్తూ కూర్చున్నారట. రంపం ఎక్కడ కోసినా బాణం మిగిలేలా. ఓడ కూత వేసేదాకా గీశారని పొడుగాయన భార్య తర్వాత చెప్పింది. ఇంటికొచ్చేసరికి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

అత్తయ్య మిషను దగ్గరుంది. "వెళ్ళిందా ఓడ? నిన్ను ఒడ్డున పారేసి?" అంది, ఈసారి నేరుగా కొడుకుతోనే. "అంత పనిమంతుడివి. తండ్రి పోయినా చెయ్యి ఆపనివాడివి. అలాంటివాణ్ణి ఎందుకొద్దన్నారో?"

ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. చెప్పరు. ఆయన ఎప్పటికీ చెప్పరు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, పళ్ళెం తుడుస్తూ, చెప్పాను.

"పని తప్పు చేశారని వద్దన్నారు అత్తయ్యా."

"వీడా? తప్పా?"

"ఒక గొట్టానికి మూతలు తిరగేసి పెట్టారు. పైది కిందా, కిందది పైనా. పదిహేనేళ్ళలో అదొక్కటే. అన్నీ వెతికారు, ఇంకోటి దొరకలేదు."

"ఎప్పుడు?"

తేదీ చెప్పాను. "పొద్దున తొమ్మిదింటికి. ఎనిమిదింటికి వైర్‌లెస్‌లో చెప్పారు."

మిషను చక్రం మీద అత్తయ్య చెయ్యి అలాగే ఉండిపోయింది. సూది గుడ్డలో దిగి ఉంది. పెరట్లో నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది. సిరా వదలడం లేదేమో.

ఆయన తువ్వాలుతో తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. అత్తయ్య తల ఎత్తలేదు. చేతిలో ఉన్న గుడ్డతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"మీ నాన్న పోయిన వారం కొట్టాయన చొక్కా ఒకటి కుట్టాల్సి ఉంది. మాట ఇచ్చాను కదా అని కుట్టాను. ఎవరొచ్చి పలకరించినా మిషను ఆపలేదు. ఈవిడకి బాధే లేదని అనుకునే ఉంటారు." దారం పళ్ళతో కొరికింది. "రెండూ ఎడమ చేతులే కుట్టాను."

ఆయన తువ్వాలు పట్టుకుని నిలబడిపోయారు. "కొట్టాయనేమన్నాడు?" అని అడిగారు.

"ఏమంటాడు. తొడుక్కుని చూసుకున్నాడు. కుడిచెయ్యి పైకెత్తితే పట్టేసింది. బావుందమ్మా అన్నాడు. అలాగే తిరిగాడు పాపం, చిరిగేదాకా." గుడ్డని తిప్పి, పువ్వులు ఏ వైపున్నాయో చూసుకుని, మళ్ళీ సూది కింద పెట్టింది. "ఆ నలుపు పూర్తిగా వదల్లేదు. ఇంకోసారి సబ్బు రుద్దుకుని వచ్చి తిను. చల్లారిపోతోంది."

ఆయన వెళ్ళి మళ్ళీ సబ్బు రుద్దుకున్నారు. వచ్చి కూర్చున్నారు. నేను వడ్డిస్తుంటే వద్దనలేదు. అలాగని నా వైపు చూడనూ లేదు.

మర్నాడు పొద్దున దీపం వెలిగించి, ఎప్పటి మాటే అనబోయాను. చెయ్యి వణకనివ్వకు, అని. సగంలో ఆగిపోయాను. పదకొండేళ్ళ కిందట ఓడ మీద ఒక చెయ్యి వణికింది, ఇక్కడ ఈ మిషను మీద ఇంకో చెయ్యి. ఆ రెండూ వణకకపోతే బాగుండేదని నేను అడగగలనా? అడగకుండా ఉండగలనా? చేతులు జోడించి ఊరికే నిలబడ్డాను.

బయటికి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోవాల్సిన వేళ దాటి పావుగంటైంది. గుమ్మంలో వంగి చెప్పుల పట్టీ బిగించుకుంటున్నారు. అది బిగించుకోవడానికి అంతసేపు పట్టదు.

"బస్సొచ్చే టైమైంది" అన్నారు, పట్టీతో.